అరచుట్టు కోసం నూట నలభై ఏళ్లు

ఫిగర్ స్కేటింగ్ పోటీల్లో మార్కులు పడే గెంతులు ప్రధానంగా ఆరు: టో లూప్, సాల్కో, లూప్, ఫ్లిప్, లట్జ్, ఆక్సెల్. మొదటి అయిదింటిలో ఆటగాడు వెనక్కి జారుతూ వచ్చి గాల్లోకి లేస్తాడు. ఆక్సెల్‌లో మాత్రం ముందుకు జారుతూ లేస్తాడు. దిగడం ఆరింటిలోనూ ఒకే తీరు: వెనక్కి జారుతూ, ఒంటికాలి మీద. ముందుకు చూస్తూ లేచినవాడు వెనక్కి జారుతూ దిగాలంటే మామూలు చుట్లకు తోడు మరో అరచుట్టు తిరగక తప్పదు. అందుకే సింగిల్ ఆక్సెల్ అంటే ఒకటిన్నర చుట్లు. డబుల్ అంటే రెండున్నర, ట్రిపుల్ అంటే మూడున్నర, క్వాడ్ అంటే నాలుగున్నర. పేరులో వినిపించని ఆ సగమే ఈ గెంతుకు ఇంత పేరు తెచ్చింది. దాన్ని చూసి వెనుకడుగు వేసినవాళ్లూ ఉన్నారు, ఏళ్లకేళ్లు దాని కోసమే ధారపోసినవాళ్లూ ఉన్నారు.

టీవీలో చూసేవాళ్లకు ఆరు గెంతులూ ఒకేలా కనిపిస్తాయి. మిగతా అయిదింటి తేడాలు పట్టుకోవాలంటే కన్ను అలవాటు పడాలి గానీ, ఆక్సెల్‌ను మొదటిరోజే గుర్తుపట్టవచ్చు. కాలు మంచును వదిలే ముందు ఆటగాడి ఛాతీ తాను వెళ్తున్న దిక్కుకే తిరిగి ఉంటే అది ఆక్సెల్.

ఈ గెంతు సంగతి తెలియాలంటే ముందు బూటు కిందున్న బ్లేడును చూడాలి. దాని మందం సుమారు 4 మిల్లీమీటర్లు. కత్తిలా సన్నగా ఒకే పదునుతో ఉంటుందని చాలామంది అనుకుంటారు, అది నిజం కాదు. బ్లేడు అడుగున పొడవునా సన్నని గాడి ఉంటుంది. ఆ గాడికి చెరోవైపు ఒక అంచు. ధర్మవరం పట్టుచీరకు రెండు వైపులా రెండు అంచులున్నట్టే బ్లేడుకూ రెండు అంచులు: పాదం లోపలివైపుది లోపలి అంచు, చిటికెన వేలి వైపుది బయటి అంచు. శరీరాన్ని ఏ పక్కకు వాలిస్తే ఆ అంచు మంచులో దిగబడి, ఆటగాడు ఆ పక్కకు వంపు తిరుగుతూ జారతాడు. బ్లేడు ముందు కొసన రంపపు పళ్లలాంటి మొనలు ఉంటాయి. టో లూప్, ఫ్లిప్, లట్జ్‌లలో రెండో కాలి మొనలను మంచులో గుచ్చి, దాని ఊతంతో లేస్తారు. ఆక్సెల్‌కు ఆ ఊతం లేదు. ఎడమకాలి బయటి అంచు ఒక్కటే ఆధారం. అదనపు అరచుట్టు తిరగాల్సిన గెంతుకే రెండో కాలి సాయం లేకపోవడం దీని కష్టాన్ని రెట్టింపు చేసింది.

ఎక్కువమంది ఆటగాళ్లు గడియారం ముల్లుకు ఎదురు దిక్కున తిరుగుతారు. అలాంటి ఆటగాడు కుడికాలి మీద వెనక్కి జారుతూ వస్తాడు. చేతులు రెండూ వెనక్కి లాగి ఉంటాయి. ఒక్కసారిగా ముందుకు తిరిగి ఎడమకాలి బయటి అంచు మీదికి అడుగు వేస్తాడు. ఆ అడుగులోనే మోకాలు బాగా వంగుతుంది. ఇక్కడ తొందరపడితే అంతా చెడుతుంది. మోకాలు వంగి, బరువు మొత్తం ఆ ఒక్క అంచు మీద నిలబడేదాకా ఆగాలి. ఆ తరవాత వెనకున్న కుడికాలు ముందుకు దూసుకొచ్చి, ఎత్తయిన మెట్టు ఎక్కుతున్నట్టు మోకాలితో సహా పైకి లేస్తుంది. చేతులు కూడా అదే ఊపులో ముందుకు, పైకి వస్తాయి. ఎడమ మోకాలు నిటారుగా సాగుతుంది. బ్లేడు మంచు మీద కాస్త గీరుకుంటూ కొస దాకా దొర్లి నేలను వదులుతుంది.

అసలు చిక్కు అప్పుడే మొదలవుతుంది. లేచింది ఎడమకాలి మీద, దిగాల్సింది కుడికాలి మీద. కాబట్టి శరీర బరువును ఎడమవైపు నుంచి కుడివైపుకి గాల్లోనే మార్చుకోవాలి. మెట్టు ఎక్కినట్టు లేచిన కుడికాలు కిందికి సాగి ఇరుసులా నిలబడుతుంది. ఎడమకాలు దాని మీదుగా అడ్డంగా వచ్చి పెనవేసుకుంటుంది. చేతులు ఛాతీకి అతుక్కుంటాయి. బరువు ఎడమవైపే ఉండిపోతే ఇరుసు వంకరపోతుంది. అలా వంకరపోయిన ఇరుసు మీద మూడున్నర చుట్లు ఎవరివల్లా కావు. సింగిల్ ఆక్సెల్ నేర్చుకోవడానికి కొందరు పిల్లలకు నెలలు, కొందరికి ఏడాదికి పైగా పట్టడానికి ప్రధాన కారణం ఈ బరువు మార్పే.

చుట్ల వేగం ఎక్కడి నుంచి వస్తుంది? తిరిగే ఊపును ఆటగాడు మంచు మీద ఉండగానే కూడగట్టుకోవాలి. పాదం నేలను వదిలాక దాన్ని పెంచుకునే దారి లేదు. ఇంటర్ భౌతికశాస్త్రం పుస్తకంలో కోణీయ ద్రవ్యవేగ నిత్యత్వ నియమం అని చదివేది ఇదే. తిరిగే కుర్చీలో చేతులు చాపి కూర్చుని, ఎవరైనా తిప్పాక చేతులు ముడుచుకుంటే కుర్చీ ఉన్నట్టుండి జోరందుకుంటుంది. స్కేటర్ చేసేదీ అదే. అతనికి కొత్త ఊపు ఏమీ రాదు. ఉన్న ఊపే శరీరం ఇరుసుకు దగ్గరగా ముడుచుకున్నప్పుడు వేగంగా మారుతుంది.

గాల్లో ఉండే సమయం ఎంతో లెక్క వేస్తే ఈ ఆటగాళ్ల మీద గౌరవం ఇంకా పెరుగుతుంది. 30 సెంటీమీటర్ల ఎత్తు లేచిన మనిషి గాల్లో ఉండేది 0.49 సెకను. 60 సెంటీమీటర్లు లేస్తే 0.70 సెకను. ఎత్తు రెట్టింపయినా సమయం రెట్టింపు కాలేదు, నలభై శాతమే పెరిగింది. నాలుగు రెట్లు ఎత్తు లేచినా సమయం రెండింతలే అవుతుంది. అందుకే గాల్లో సమయాన్ని ఎంతో పెంచుకోవడం ఎవరి చేతిలోనూ లేదు, పెంచాల్సింది చుట్ల వేగం. 0.70 సెకనులో మూడున్నర చుట్లంటే నిమిషానికి 300 చుట్ల లెక్క. నాలుగున్నర అయితే 380 దాటుతుంది. లేచేటప్పుడు, దిగేటప్పుడు మంచు మీదే కొంత చుట్టు కలిసొస్తుంది కనుక గాల్లో సగటు వేగం ఇంతకన్నా కాస్త తక్కువ. ఇంట్లో సీలింగ్ ఫ్యాన్ పూర్తి జోరులో నిమిషానికి 350 ప్రాంతంలో తిరుగుతుంది. మనిషి ఆ జోరులో తిరుగుతూ, ఎక్కడ ఆపాలో గుర్తుంచుకుని, 4 మిల్లీమీటర్ల ఉక్కు మీద దిగాలి.

దిగడం కొస నుంచి మొదలవుతుంది. ముందు కుడికాలి బ్లేడు మొనలు తాకుతాయి, వెంటనే బరువు బయటి అంచు మీదికి వస్తుంది. మోకాలు వంగి దెబ్బను మింగుతుంది. చేతులు విచ్చుకుంటాయి, ఎడమకాలు వెనక్కి చాచుకుంటుంది. ముడుచుకున్నప్పుడు పెరిగిన వేగం విచ్చుకోగానే తగ్గిపోతుంది. తొక్కుడుబిళ్ల ఆడిన ఆడపిల్లలకు ఒంటికాలి మీద గెంతి తూలకుండా నిలబడడం ఎంత కష్టమో తెలుసు. ఇక్కడ శరీర బరువుకు ఎన్నో రెట్ల దెబ్బ ఆ ఒక్క కాలి మీదే పడుతుంది. సాధనలో రోజుకు పదుల సార్లు పడుతుంది. స్కేటర్ల చీలమండలు, తుంటి, నడుము చిన్న వయసులోనే దెబ్బతినడం అందుకే.

తప్పులు కూడా తెలిసినవే. అడుగు వేసిన అంచు నిలవకముందే భుజాలు తిప్పేస్తే బ్లేడు జారి మనిషి లేవకుండానే పడిపోతాడు. గాల్లోకి లేచాక ధైర్యం చాలక చేతులు ముందే తెరిస్తే మూడున్నర కావాల్సింది ఒకటిన్నరతో ఆగిపోతుంది. చుట్టు పూర్తి కాకుండా నేల తాకితే సాంకేతిక నిపుణులు వీడియోను నెమ్మదిగా తిప్పి చూస్తారు. పావు చుట్టుకు మించి తగ్గితే విలువలో కోత పడుతుంది. సగం లేదా అంతకుమించి తగ్గితే ఒక మెట్టు కింది గెంతుగా లెక్కిస్తారు. ఆక్సెల్‌లో అదనంగా తిరిగేది సగమే కాబట్టి ఈ సగం లెక్క మరీ నొప్పి పుట్టిస్తుంది. నిర్దయగా అనిపించినా ఇది న్యాయమైన నిబంధనే. చుట్లు లెక్కకు నిలవకపోతే ఈ ఆటలో పేర్లకు అర్థమే ఉండదు.

ఈ గెంతుకు పేరిచ్చిన ఆక్సెల్ పాల్సెన్ నార్వే దేశస్థుడు. 1855లో పుట్టాడు. నిజానికి అతను వేగంగా జారే పందేల వీరుడు. 1882లో వియన్నాలో జరిగిన అంతర్జాతీయ పోటీలో ముందుకు జారుతూ వచ్చి లేచి, ఒకటిన్నర చుట్లు తిరిగి వెనక్కి దిగాడు. అప్పుడు అతని కాళ్లకున్నవి పందేల స్కేట్లు. వాటి బ్లేడు పొడవుగా, తిన్నగా ఉంటుంది. గెంతడానికి ఏమాత్రం వీలైనది కాదు. ఆ పోటీలో అతనికి దక్కింది మూడో స్థానం. గెలిచిన లియోపోల్డ్ ఫ్రే పేరు ఇవాళ చరిత్ర చదివేవాళ్లకే తెలుసు, మూడోవాడి పేరు మాత్రం స్కేట్లు కట్టిన ప్రతి పిల్లవాడి నోటా పలుకుతుంది. సాల్కోకు, లట్జ్‌కు కూడా వాటిని కనిపెట్టినవాళ్ల ఇంటిపేర్లే వచ్చాయి. ఆక్సెల్ ఒక్కదానికే మనిషి సొంత పేరు పెట్టారు.

ఆ తరవాత చాలాకాలం కదలిక లేదు. ఆ రోజుల్లో ఫిగర్ స్కేటింగ్ అంటే మంచు మీద బ్లేడుతో వృత్తాలు, ఎనిమిది అంకెలు తప్పులేకుండా గీయడం. మార్కుల్లో సగానికి పైగా ఆ గీతలకే. గెంతులు అలంకారం మాత్రమే. ఆడవాళ్లు గెంతడాన్ని న్యాయనిర్ణేతలు తప్పుగానే చూశారు. 1920 ఆంట్‌వర్ప్ ఒలింపిక్స్‌లో అమెరికా స్కేటర్ థెరెసా వెల్డ్ సాల్కో గెంతితే అది స్త్రీలకు తగదని మందలించారు. అదే దశాబ్దంలో నార్వే అమ్మాయి సోన్యా హెనీ ఆక్సెల్ గెంతి చూపింది.

రెండో మెట్టు 1948లో ఎక్కారు. సెంట్ మోరిట్జ్ ఒలింపిక్స్‌కు వచ్చిన అమెరికా కుర్రాడు డిక్ బటన్ డబుల్ ఆక్సెల్ కోసం ఎంతోకాలంగా తంటాలు పడుతున్నాడు. పోటీకి ముందురోజు సాధనలో తొలిసారి కుదిరింది. ఒక్కసారి కుదిరిన గెంతును మరునాడే ఒలింపిక్ వేదిక మీద చేయడం సాహసమే. చేశాడు, నిలబడ్డాడు, స్వర్ణం గెలిచాడు.

రెండున్నర నుంచి మూడున్నరకు ముప్పై ఏళ్లు పట్టింది. 1978లో ఒట్టావాలో జరిగిన ప్రపంచ పోటీల్లో కెనడా ఆటగాడు వెర్న్ టేలర్ ట్రిపుల్ ఆక్సెల్‌ను తొలిసారి పోటీలో పూర్తి చేశాడు. అతను పతకాల దరిదాపుల్లో లేడు, అయినా ఆ ఒక్క గెంతు అతని పేరును నిలిపింది. ఒలింపిక్స్‌లో దాన్ని మొదట చేసింది మరో కెనడియన్, బ్రయాన్ ఓర్సర్, 1984లో సరయెవోలో.

ఆడవాళ్లలో ట్రిపుల్ ఆక్సెల్ అనగానే గుర్తుకు రావలసిన పేరు మిదోరి ఇతో. జపాన్‌లోని నగోయా అమ్మాయి. ఎత్తు నాలుగడుగుల తొమ్మిది అంగుళాల ప్రాంతంలోనే. పొట్టి మనిషి కావడం చుట్ల వేగానికి కలిసొస్తుంది, కానీ ఆమె బలం అది ఒక్కటే కాదు. ఆమె గెంతులో ఎత్తు మగవాళ్లకు దీటుగా ఉండేది. 1988లో జపాన్‌లోని ఒక పోటీలో, 1989లో పారిస్ ప్రపంచ పోటీల్లో ట్రిపుల్ ఆక్సెల్ చేసింది. పారిస్‌లో ప్రపంచ విజేతగా నిలిచింది. ఈ ఆటలో ఆసియా నుంచి ఆ స్థాయికి చేరిన మొదటి మనిషి ఆమే. 1992 ఆల్బర్ట్‌విల్ ఒలింపిక్స్‌లో ముందు ప్రయత్నంలో పడిపోయి, అదే ప్రదర్శన చివర్లో మళ్లీ లేచి దాన్ని పూర్తి చేసింది. అప్పటికి కాళ్లు అలిసిపోయి ఉంటాయి, ఊపిరి అందదు. అయినా మిగిలిన కొద్ది సమయంలో అత్యంత కష్టమైన గెంతునే మళ్లీ ఎంచుకుంది. వెండి పతకం గెలిచింది. ఈ గెంతు చరిత్రలో ఒక్క ఘట్టాన్నే చూడాలనుకున్నవాళ్లు ఆ ప్రదర్శనను చూడాలి. అదే నగోయా నుంచి వచ్చిన మావో అసాదా 2010 వాంకూవర్ ఒలింపిక్స్‌లో మూడు ట్రిపుల్ ఆక్సెల్‌లు చేసి వెండి పతకం గెలిచింది.

మంచు మీద గీతలు గీసే పోటీలను అంతర్జాతీయ స్థాయిలో 1990 తరవాత ఎత్తేశారు. ఆటగాళ్ల సాధన సమయమంతా గెంతులకు మళ్లింది. మిగతా అయిదు గెంతుల్లోనూ ఒక్కొక్కటిగా నాలుగు చుట్లు పూర్తయ్యాయి. క్వాడ్ ఆక్సెల్ ఒక్కటే మిగిలింది. 2014, 2018 ఒలింపిక్స్‌లో స్వర్ణాలు గెలిచిన జపాన్ ఆటగాడు యుజురు హన్యు మూడో పతకం కన్నా ఆ గెంతే ముఖ్యమనుకున్నాడు. 2022 ఫిబ్రవరి 10న బీజింగ్‌లో ప్రయత్నించాడు. చుట్లు పూర్తి కాలేదు, పడ్డాడు, నాలుగో స్థానంతో వెనుదిరిగాడు. ఏడు నెలల తరవాత, సెప్టెంబర్ 14న అమెరికాలోని లేక్ ప్లాసిడ్‌లో పదిహేడేళ్ల ఇలియా మాలినిన్ నాలుగున్నర చుట్లు తిరిగి శుభ్రంగా దిగాడు. అతని తల్లిదండ్రులిద్దరూ ఉజ్బెకిస్తాన్ తరఫున ఒలింపిక్స్‌లో స్కేటింగ్ చేసినవాళ్లే. 1882 నుంచి 2022 దాకా, ఒకటిన్నర నుంచి నాలుగున్నరకు, అచ్చంగా నూట నలభై ఏళ్లు.

ఆ సీజన్ మార్కుల పట్టికలో ట్రిపుల్ లట్జ్ విలువ 5.90, ట్రిపుల్ ఆక్సెల్ విలువ 8.00. అరచుట్టుకు రెండు పాయింట్లకు పైగా ఇచ్చారు. నాలుగు చుట్ల దగ్గరికి వచ్చేసరికి ఆ ఉదారత లేదు. క్వాడ్ లట్జ్‌కు 11.50, క్వాడ్ ఆక్సెల్‌కు 12.50. మిగతా క్వాడ్‌లు ఎందరో చేస్తున్నప్పుడు ప్రపంచంలో ఒక్కడు చేసిన గెంతుకు ఒక్క పాయింటే ఎక్కువ ఇవ్వడం చాలా తక్కువ.

మన దేశంలో మంచు మైదానాలు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. సిమ్లాలో 1920లో మొదలైన మైదానం చలికాలపు చలి మీదే ఆధారపడుతుంది. డెహ్రాడూన్‌లో దక్షిణాసియా శీతాకాల క్రీడల కోసం 2011లో పెద్ద మంచు స్టేడియం కట్టారు. ఇక మన హిందూపురం, పెనుకొండ, ధర్మవరం వైపు మంచు ఊసే లేదు. అయినా ఆక్సెల్ తెలుగువాళ్లకు అందనిదేమీ కాదు, ఎందుకంటే ఇదే గెంతు చక్రాల మీద కూడా ఉంది. ఆర్టిస్టిక్ రోలర్ స్కేటింగ్‌లో గెంతుల పేర్లు, చుట్ల లెక్కలు అవే. బూటు కింద ముందు రెండు, వెనక రెండు చక్రాలుంటాయి. చక్రాల ఇరుసుకూ బూటుకూ మధ్య రబ్బరు దిండ్లుంటాయి. పాదాన్ని పక్కకు వాలిస్తే రబ్బరు నలిగి ఇరుసు తిరుగుతుంది, స్కేటర్ వంపు తీసుకుంటాడు. బ్లేడు అంచు చేసే పనిని ఇక్కడ ఆ రబ్బరు చేస్తుంది. మంచు బూటు కన్నా ఇది బరువు. పడితే మంచు మీద జారిపోవచ్చు, కొంత దెబ్బ ఆ జారుడులో పోతుంది. సిమెంటు నేల జారనివ్వదు. ఆ నేల మీద డబుల్ ఆక్సెల్ చేసేవాడి కష్టం మంచు మీద చేసేవాడి కష్టానికి ఏమీ తక్కువ కాదు.

ఆ కష్టంతో పేరు తెచ్చుకున్న తెలుగువాడు హైదరాబాద్‌కు చెందిన అనూప్ కుమార్ యామ. ఆసియా క్రీడల్లో రోలర్ స్కేటింగ్‌ను మొదటిసారి చేర్చింది 2010లో, గ్వాంగ్‌జౌలో. అక్కడ పురుషుల ఫ్రీ స్కేటింగ్‌లో కాంస్యం, అవని పంచాల్‌తో కలిసి జంటల విభాగంలో మరో కాంస్యం గెలిచాడు. 2015లో అర్జున అవార్డు అందుకున్నాడు. క్రికెట్ వార్తలు నిండే పేజీల్లో ఆ రెండు పతకాలకు దక్కాల్సినంత చోటు దక్కలేదు.

తిరుగుతూ గాల్లోకి లేచే విద్యకు తెలుగు దేశంలో ఇంకో పాత దారి ఉంది. కాకతీయ గణపతిదేవుని గజసేనాధిపతి జాయప సేనాని 1253-54లో సంస్కృతంలో నృత్తరత్నావళి రాశాడు. అందులో దేశి నృత్తాల మధ్య ఉత్ప్లుతి కరణాలను, అంటే ఎగిరి చేసే కరణాలను, వేరుగా వివరించాడు. నాట్య విద్యార్థులు చదివే అభినయదర్పణం ఏడు భ్రమరులను చెబుతుంది. వాటిలో ఉత్ప్లుత భ్రమరి, ఆకాశ భ్రమరి ఎగురుతూ చుట్టు తిరిగేవి. ఆక్సెల్‌కూ వీటికీ చుట్టరికం లేదు, కానీ లేచే ముందు ఊపు కూడగట్టడం, గాల్లో నడుమును ఇరుసు చేసుకోవడం రెండింటికీ ఒకటే. హిందూపురం పక్కనే ఉన్న లేపాక్షిలో, పెనుకొండ కేంద్రంగా పనిచేసిన విజయనగర అధికారి విరూపణ్ణ కట్టించిన గుడి నాట్యమంటపంలో రంభ ఆడుతుంది, మూడు కాళ్ల భృంగి అడుగు వేస్తాడు. రాతిలో ఎత్తిన కాలు నిలుస్తుంది, వంగిన నడుము నిలుస్తుంది, తిరిగిన చుట్టు మాత్రం నిలవదు. ఆక్సెల్ ఫోటోదీ అదే గతి. గాల్లో ముడుచుకున్న మనిషి ఫోటో చూసి అది ఒకటిన్నరో నాలుగున్నరో చెప్పలేం.

మంచు స్కేటర్లయినా, చక్రాల స్కేటర్లయినా ఆక్సెల్‌కు ముందు నేర్చుకునేది వాల్ట్జ్ జంప్. అది అచ్చంగా అరచుట్టే. ముందుకు లేచి, వెనక్కి దిగడం. దీన్ని స్కేట్లు లేకుండా నేల మీద సాధన చేయించడం ప్రపంచమంతటా శిక్షకుల పద్ధతి. దీనికి ఖర్చు లేదు. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం బడుల్లో పీఈటీ సార్లు, మేడమ్‌లు రేపు ఉదయమే మొదలుపెట్టవచ్చు. ఒళ్లు వేడెక్కాక, రాళ్లు లేని మెత్తటి నేల చూసుకుని, పిల్లలను జెండా స్తంభానికి ఎదురుగా కాస్త దూరంలో నిలబెట్టాలి. ఎడమకాలితో అడుగు వేయాలి, కుడి మోకాలు మెట్టు ఎక్కినట్టు పైకి లేవాలి, ఎడమవైపుకి అరచుట్టు తిరిగి కుడికాలి మీద మోకాలు వంచి దిగాలి. దిగినప్పుడు వీపు స్తంభం వైపు ఉంటే చుట్టు సరిపోయింది. నెలల తరవాత ఒకటిన్నర తిరగడం వచ్చినా గుర్తు అదే: వీపు జెండా స్తంభం వైపే ఉండాలి.